ఏడో గడి

సెమినరీ అంటే నారుమడి అని
మొదటిరోజు బోర్డు మీద రాసేవాణ్ణి, ఇరవై ఆరేళ్లుగా.
ఒకచోట మొలిచి, ఒకరి వేళ్లు ఒకరికి తగిలి,
ఒకే గంటకు లేచి, ఒకే నీళ్ల పప్పుచారు తిని,
ఆ తర్వాతే నాటు.
అందుకే కమిటీలో అడిగాను:
"నారు పోయకుండా వెదజల్లుతారా అయ్యా?
తలమీద చెయ్యుంచి ప్రార్థించడం
తెర మీద ఎట్లా నేర్పను?"
మినిట్స్‌లో నా అసమ్మతి రెండు పంక్తులు.
తీర్మానం పేజీన్నర.

జూన్‌కల్లా బొల్లారంలో మా పాత తరగతిగదిలో
హార్మోనియం మీద రౌటర్ ఎక్కి కూచుంది.
అటెండర్ జక్కరయ్య రోజూ దాన్ని తువ్వాలుతో తుడుస్తాడు,
ప్రభుబల్ల గిన్నెను తుడిచినంత మెల్లగా.

బెంచీల మీద పదకొండుమంది.
గోడమీద తొమ్మిది గడులు.
మూడో గడిలో హెప్సిబా, హయత్‌నగర్ డిపో కండక్టరు,
భుజం మీంచి టిక్కెట్ల మిషను ఇంకా దించలేదు.
ఐదో గడిలో తిరిగే సీలింగు ఫ్యాను మాత్రమే.
దాని కింద ఎవరో ఉన్నారని నా విశ్వాసం.
"డేటా అయిపోయింది సార్" అన్నది
ఈ ఏడు కొత్తగా వింటున్న పాపపు ఒప్పుకోలు.
ఏడో గడి ఎప్పుడూ నల్లన. పేరొక్కటే, బర్నబా.
మైకు మీద ఎర్రగీత.
దరఖాస్తులో వృత్తి అన్నచోట
'ప్రైవేటు' అని రాసుకున్నాడు.

హీబ్రూ మొదటి అక్షరానికి సొంత గొంతు లేదని చెప్పినరోజు
వెనక బెంచీ వాడెవడో అన్నాడు:
"మ్యూట్‌లో ఉందా సార్?"
అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.
సాయంత్రం అల్వాల్ సిగ్నల్ దగ్గర
స్కూటర్ మీద ఒక్కణ్ణే ఉన్నప్పుడు నవ్వొచ్చింది.

డిసెంబరు. పొద్దున ఆరున్నర క్లాసు,
డ్యూటీలకు పోయేవాళ్ల కోసం పెట్టింది.
హాస్టల్ పిల్లలు మంకీ క్యాపుల్లోనే వచ్చారు.
ఆవేళ పాఠం ఒక్క మాట: హెవెల్.
మనవాళ్లు దాన్ని వ్యర్థం అని తెలుగు చేశారు.
మొదట అది ఊపిరి, అన్నాను. పొగ. ఆవిరి.
ఉండి, కంటికి కనబడి, చేతికి రానిది.
ఉదాహరణ చెప్పండి.
"ఇరానీ ఛాయ్ మీది పొగ" అన్నాడొకడు.
ఒకడు వ్యాఖ్యానం తెరిచి ఏదో చదివాడు.
మూడో గడిలోంచి హెప్సిబా:
"ఫుట్‌బోర్డు మీదోళ్ల ఊపిరి సార్, అద్దానికి పట్టి పోతది."
బాగుందన్నాను. పుస్తకం మూయబోయాను.

ఎర్రగీత పోయింది.
"సార్... ఇనవడుతుందా?
నేను నారాయణగూడ సమాధుల తోటల పనిజేస్త.
ఇయ్యాల పొద్దుగాలనే ఒకటి తవ్వాలె అన్నరు.
చిన్నదే, మూడడుగులు. గిప్పుడే అయింది."
కెమెరా తెరుచుకుంది.
ఫోను మట్టికుప్పకు ఆనించినట్టున్నాడు:
పార పిడి, ఒక గమ్‌బూటు, వెనక ఒరిగిన సిలువలు.
గుంటలోంచి, ఆ చలికి,
తెల్లగా, సన్నగా, లేస్తూ.
"లోపట భూమి వెచ్చగుంటది సార్.
తెరిస్తె గిట్ల లేస్తది. ఎండ రాంగనే పోతది.
గిదేనా, మీరు జెప్పిన మాట?"

బెంచీ ఒక్కటీ కిర్రుమనలేదు.
ఐదో గడిలో ఫ్యాను పక్కకు వాలి
మొదటిసారి ఒక మొహం కనబడింది.
జక్కరయ్య గుమ్మంలో ఆగిపోయాడు, భుజాన తువ్వాలుతో.
ఈ మాట మీద నా నోట్సు పదిహేడు పుటలు.
అవునని అన్నాను, అన్నాననే అనుకున్నాను.
వేలు తగిలి ఆగిపోయింది నా మైకే.
బర్నబా నా పెదాలు చూసి తలాడించాడు.
పార అందుకున్నాడు.
"అటెండెన్స్ ఏసుకోండి సార్.
వాళ్లొస్తుండ్రు."

రిజిస్టరులో ఈ ఏడు రెండు వరసలు:
తరగతిలో ఉన్నవాళ్లు, దూరంగా ఉన్నవాళ్లు.
పెన్ను మూత తీసి
చాలాసేపు అట్లాగే పట్టుకున్నాను.